క్షామకాలమున స్త్రీ సంరక్షణము: నంద్యాల, ఆళ్లగడ్డ సీమల చరిత్ర

రాయలసీమ చరిత్రను వ్రాయబూనిన వారెవరును క్షామములను విడిచి ఒక ప్రకరణమునైనను ముగింపజాలరు. వానలు తప్పిన సంవత్సరములు, ధాన్యపు ధరలు, మృతుల సంఖ్యలు, ప్రభుత్వము వెచ్చించిన సొమ్ము, ఇవియన్నియు గ్రంథములకెక్కినవి. ఆ సంఖ్యల నడుమ స్త్రీ ఎక్కడ నున్నదని వెదకినచో మాత్రము చాల దూరము పోవలసివచ్చును. ఆకలి స్త్రీ పురుషులకు సమానమే. కాని కరువునాటి స్త్రీకి ఆకలితోపాటు మరియొక భయము తోడుగ నడచెడిది. ఇల్లు విడిచిపోవు దారిలో, రాత్రి పడుకొను శిబిరములో, కూలి లెక్క వ్రాయు గుమాస్తా ఎదుట, గంజి పోయువాని గరిటె ఎదుట ఆమెకు అవమానము, బలాత్కారము, విక్రయము పొంచియుండెడివి.

ఈనాడు ప్రపంచమందలి సహాయ సంస్థలు ఈ విషయమును ప్రత్యేకముగ విచారించుచున్నవి. యుద్ధములు, వరదలు, భూకంపములు సంభవించినచోట అన్నము పెట్టువారు, వైద్యము చేయువారు, గుడారములు వేయువారు, పోలీసులు, న్యాయస్థానములవారు ఒకరితో నొకరు కలిసి పనిచేయనిచో స్త్రీకి రక్షణ లేదని అవి తేల్చినవి. ఈ సంగతి క్రొత్తగ కనుగొన్నది కాదు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల కరువుల చరిత్రను ఈ దృష్టితో చదివినచో, సహాయము చేయువారి నడుమ సమన్వయము లోపించినచోటనే స్త్రీకి కీడు మూడినదని స్పష్టమగును. ఆ కథనే నేడు శ్రోతలకు మనవి చేయుచున్నాను.

తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందేరు. ఈ రెండు కొండల నడిమి రేగడినేల మంచి పంట పండునది. జొన్న, కొర్ర, ప్రత్తి ఈ నేలకు అలవాటైన పైరులు. గత శతాబ్దికి ముందటి శతాబ్దిలో నంద్యాల ఒక తాలూకా. ఆళ్లగడ్డ శిర్వెల్ల తాలూకాలోనిది. దానికి చేరువనున్న ఉయ్యాలవాడ కోవెలకుంట్ల తాలూకాలోనిది. 1839 వరకు నంద్యాల, ఆళ్లగడ్డ సీమలు కర్నూలు నవాబుల యేలుబడిలో నుండెను. ఆ సంవత్సరమున ఆంగ్లేయులు నవాబు గులాం రసూల్ ఖానును పదచ్యుతుని గావించి రాజ్యమును కలుపుకొనిరి. నవాబుల కొలువుపై ఆధారపడి బ్రతికిన కుటుంబములు పెక్కు ఆదరువు కోల్పోయినవి. ఆ కుటుంబముల స్త్రీలు గోషా పాటించువారు. కరువు వచ్చినపుడు వీరు వీథిలోనికి రారు, మట్టి మోయరు, గంజి పంక్తిలో కూర్చుండరు. ఈ గోషా స్త్రీల సంగతి ముందు మరల వచ్చును.

ఈ సీమవారు ఉయ్యాలవాడ పేరు చెప్పగనే 1846లో కోవెలకుంట్ల ఖజానాపై బడిన నరసింహారెడ్డిని తలచుకొందురు. ఆ ఊరికే చెందిన మరియొక పురుషుడు బుడ్డా వెంగళరెడ్డి. ఈయన కత్తి పట్టలేదు, గాదె తెరచెను. 1866లో కరువు వచ్చినపుడు తన యింటి ధాన్యముతో గంజి కాయించి వేలమందికి పోయించెను. విక్టోరియా రాణి ప్రభుత్వము ఆయనకు బంగారు పతక మిచ్చి గౌరవించినది. ఆయన దాతృత్వమును గూర్చిన పాటలు ఈ పల్లెలలో నేటికిని విననగును.

వెంగళరెడ్డి గంజిపందిళ్లను మన విషయమునకు సంబంధించినంతవరకు కొంచెము నిలిచి చూడవలసియున్నది. అది చుట్టుప్రక్కల పల్లెలవారు నడచివచ్చి, త్రాగి, తిరిగి పోదగిన ఏర్పాటు. చీకటిపడునప్పటికి స్త్రీ తన యింటికి చేరగలదు. పెట్టువాడెవరో తెలియును, తోడివచ్చిన వారెవరో తెలియును. ఎవడైన చేయరాని పని చేసినచో మరునాడు ఊరు అడుగును. అక్కడ స్త్రీ రక్షణకై యెవరును నియమములు వ్రాయలేదు. దూరము తక్కువగుటయే ఆమెకు రక్షణయైనది. ఇందులోని లోపమును గూడ మరువరాదు. అది ఒక్క మనుష్యుని మనస్సుపై, ఒక్క యింటి గాదెపై ఆధారపడిన ఏర్పాటు. వెంగళరెడ్డి లేని ఊరిలో గంజి లేదు. పదిమందిలోనికి రాలేని స్త్రీకి ఆయన యున్న ఊరిలోనైనను గంజి అందుట కష్టమే.

పది సంవత్సరములకే అంతకు నూరురెట్లు పెద్దదియైన ఆపద వచ్చినది. 1876లో నైరృతి ఋతుపవనము, దాని వెంట ఈశాన్య ఋతుపవనము రెండును విఫలమైనవి. అది ధాత నామ సంవత్సరము. మరుసటి ఈశ్వర సంవత్సరమునను కష్టము తీరలేదు. మన పెద్దలు దీనిని ధాత కరువనిరి. కర్నూలు జిల్లా జనసంఖ్య 1871 గణనమున 9,14,432. 1881 నాటికి అది 6,78,551. అనగా పదేండ్లలో నూటికి ఇరువదియైదుమందికి పైగా తగ్గిరి. ఈ జిల్లాను గూర్చి 1886లో సమగ్రమైన వివరణ గ్రంథమును ఆంగ్లమున రచించినవారు నరహరి గోపాలకృష్ణమసెట్టిగారు, డిప్యూటీ కలెక్టరు. మొదటి తెలుగు నవలగ పలువు రెన్నిన శ్రీరంగరాజ చరిత్రమును 1872లో ప్రకటించినవారును వీరే. నవలాకారుడు జిల్లా లెక్కలు వ్రాయుట మనకు లాభమే యైనదని నా తలంపు. లెక్కల వెనుక మనుష్యులున్నారను స్పృహ ఆయనకు ఉండియుండవలెను.

ధాత కరువున సహాయము మూడు చేతుల మీదుగ వచ్చినది. మొదటిది ప్రభుత్వపు పనులు: చెరువుకట్టలు, బాటలు, కంకర కొట్టుట. రెండవది ప్రభుత్వపు శిబిరములు, గంజికేంద్రములు: పనిచేయలేనివారికి. మూడవది ప్రజల చందాలతో నడచిన నిధి. ఈ మూడింటికి నడుమ పొత్తు కుదరకపోవుటయే నేటి మన కథ.

1877 జనవరిలో వైస్రాయి లిట్టను ప్రభువు సర్ రిచర్డు టెంపులును మదరాసు రాజధానికి పంపెను. ఆయన వచ్చిన పని ఖర్చు తగ్గించుట. ఆయన నిర్ణయించిన కూలి పురుషునకు ఒక పౌను ధాన్యపు వెల, దానిపై అర్ధణా. స్త్రీకి ఒక పౌను ధాన్యపు వెల, దానిపై పావు అణా. పసిబిడ్డకు పాలిచ్చు తల్లికైనను, ఇంటి పెద్ద చనిపోయి నలుగురు పిల్లలను లాగుకొని వచ్చిన విధవకైనను కూలి ఇంతే. మదరాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిషు ఈ కూలితో కష్టజీవి బ్రతుకడని గట్టిగ వాదించెను. కొన్ని మాసములకు ఆ కూలిని సవరించిరి. ఆ నడిమి మాసములలో ఆ కూలిపై బ్రతికినవారి దేహములు ఏమైనవో ఊహించుట కష్టము కాదు.

కూలి తగ్గుటకును స్త్రీ మానమునకును సంబంధ మేమని యెవరైన అడుగవచ్చును. సంబంధము సూటియైనదే. కూలి చాలని స్త్రీ ఆ లోటును ఎక్కడనుండియో పూరింపవలెను. కూలీల పేర్లు వ్రాయు గుమాస్తా, ముఠాను నడుపు మేస్త్రీ, కొలత చూచు అధికారి అందరును పురుషులు. ఆనాడు హాజరు పడెనా, తట్టలు సరిపోయెనా యనునది వారి కలము చివర నుండెను. పేరు తీసివేసినచో ఆ పూట పస్తు. అట్టి స్థితిలో ఒక స్త్రీ కాదనగల శక్తి యెంత?

1877 ఆగస్టు చివర లిట్టను ప్రభువు స్వయముగ మదరాసునకు వచ్చి గవర్నరు బకింగుహాము ప్రభువుతో సంప్రదించిన పిమ్మట పద్ధతి మారినది. గ్రామముల దగ్గరి చిన్న పనులను తగ్గించి, ఇంజనీర్ల పర్యవేక్షణమున పెద్ద పనులను నడుపవలెనని నిర్ణయించిరి. ఖర్చు దృష్టితో చూచినచో అది సబబుగనే తోచును. పని చక్కగ సాగును, దొంగ పేర్లు తగ్గును. కాని పెద్ద పని యనగా దూరపు పని. దూరపు పని యనగా రాత్రి అక్కడనే నిదురించుట. వెంగళరెడ్డి పందిటికి వచ్చిన స్త్రీ సాయంకాలమునకు ఇల్లు చేరెను. పెద్ద పనికి పోయిన స్త్రీ ఎరుగని ఊరివారి నడుమ పాకలో పండుకొనవలసివచ్చెను. ఆ సెప్టెంబరునాటికి మదరాసు రాజధానిలో ప్రభుత్వ సహాయముపై బ్రతుకువారు 20 లక్షలు దాటిరి. అందు పెక్కురు స్త్రీలు, పిల్లలు. ఒక్క లేఖనీఘాతముతో దగ్గరిపనిని దూరపుపనిగ మార్చినవారికి ఆ మార్పున స్త్రీ కేమి జరుగునో చెప్పువారు ఆ సభలో లేరు.

ఇక చందాల నిధి. 1877 ఆగస్టులో మదరాసున మహాసభ జరిగి విజ్ఞప్తి చేయగ లండను నగరపు మాన్షన్ హౌసులో నిధి తెరచిరి. 8,20,000 పౌనులు వసూలైనవి. మదరాసు టైమ్సు సంపాదకుడు విలియం డిగ్బీ కార్యదర్శిగ 120 స్థానిక సంఘముల ద్వారా ఆ సొమ్మును పంచిరి. ప్రభుత్వమునకు ఈ నిధియందు మొదట ప్రీతి లేదు. ప్రాణము నిలుపుట మా పని, మా పనిలో వేరొకరు చేయిపెట్టరాదని లిట్టను పక్షమువారి వాదము. తుదకు కుదిరిన ఒప్పందము ప్రకారము ప్రభుత్వము చేయని పనులు నిధి చేయవలెను: బట్టలు, ఇండ్ల మరమ్మతు, విత్తనములు, అనాథ శిశుపోషణము, పదిమందిలోనికి రాని మర్యాద కుటుంబములకు రహస్యముగ సహాయము.

బట్టల మాట విన్నపుడు కొందరు చిన్నవిషయ మనుకొందురు. నా యభిప్రాయమున ధాత కరువున స్త్రీకి జరిగిన మేలులలో ఇది మిక్కిలి గొప్పది. ఒంటిమీద చీర చినిగి పీలికలైన స్త్రీ పనికి పోలేదు, గంజికి పోలేదు, వైద్యుని కడకు పోలేదు. అన్ని సహాయములును ఆమెకు ఆ చీర దగ్గరనే ఆగిపోవును. ప్రభుత్వపు లెక్కలో ధాన్యము పౌనులలో నున్నది. చీరకు పద్దు లేదు. ఆ పద్దును ప్రజల నిధి వ్రాసినది. అట్లే గోషా స్త్రీలకు ఇంటికి ధాన్యము పంపుట. స్థానిక సంఘమున ఆ ఊరివాడు, ఆ మతమువాడు, ఆ వీథి నెరిగినవాడు ఉన్నపుడే అది సాధ్యము. తలుపు తట్టుటకు తెలిసిన మనిషి కావలెను.

నిధి ఈ పనులు చేసినది గాని, నవంబరులో వానలు కురియగనే చందాలు చాలునని తంతి పంపిరి. వాన కురిసిన దినమున కరువు ముగిసినట్లు ధాన్యపు లెక్క చెప్పును. ఆ స్త్రీ లెక్క వేరు. భర్త చనిపోయినవాడో, దేశాంతరము పోయినవాడో తెలియదు, ఇల్లు కూలినది, పొలము తాకట్టు పడినది. ఆమెకు అసలు ఆపద అప్పుడు మొదలగును.

ఇచట ఒక విశేషమును చెప్పవలెను. ఆ కరువులో పురుషులకంటె స్త్రీలు తక్కువగ చనిపోయిరని 1881 గణనమును పరిశీలించినవారు గుర్తించిరి. పెక్కు దేశముల కరువులలో ఇట్లే జరిగినదని పండితులందురు. దీనిని బట్టి స్త్రీలు సుఖపడిరని యెవ్వరును అనుకొనరాదు. బ్రతికి బయటపడిన స్త్రీ విధవగ, దిక్కులేనిదిగ మిగిలినది. మృతుల సంఖ్యను మాత్రమే కొలబద్దగ పెట్టుకొన్నచో ఆమె బాధ ఏ పట్టికలోనికిని రాదు.

బాలికల సంగతి అంతకంటె దారుణము. కరువులో పిల్లలను అమ్ముకొనుట ఈ దేశమున పాతమాట. 1860లోని భారత శిక్షాస్మృతి 372, 373 సెక్షనులు పదునారేండ్ల లోపు పిల్లలను వ్యభిచారమునకై అమ్ముటను, కొనుటను నేరములుగ నిర్ణయించినవి. ఈ వయస్సును 1924లో పదునెనిమిదేండ్లకు పెంచిరి. శాసనమైతే ఉన్నది. తల్లి మూడు దినములు పస్తుండి ఒక తూమెడు జొన్నలకు బిడ్డను ఇచ్చినపుడు ఆ శాసనమును ఎవరు చదువుదురు? కొన్నవాడు దత్తత యనును, పెంచుకొందు ననును. ఆకలి తీర్చు అధికారికిని నేరము విచారించు అధికారికిని నడుమ ఈ బాలిక జారిపోయెడిది.

అనాథ శిశువులను క్రైస్తవ మిషనులు చేరదీసినవి. ఆళ్లగడ్డకు సమీపమున ముత్యాలపాడునందు ఎస్.పి.జి. మిషను కరువునకు ముందునుండియు కలదు. నంద్యాలయును ఆ మిషనునకు కేంద్రమైనది. బిడ్డలు బ్రతికిరన్నది నిజము. మతము మారునను కలవరము హిందూ ముసల్మాను కుటుంబములలో కలిగినదనుటయును నిజము. తరువాతి క్షామ నియమావళులు అనాథలను వీలైనంతవరకు వారి మతస్థులకే అప్పగింపవలెనని కట్టడి చేయుటకు ఈ కలవరమే కారణము.

కరువు తరువాత ప్రభుత్వము జనరల్ స్ట్రేచీ అధ్యక్షతన క్షామ విచారణసంఘమును నియమించినది. తరువాత మైసూరు దివానైన రంగాచార్లు ఆ సంఘమున నొక సభ్యుడు. 1880లో నివేదిక వెలువడినది. దానిని బట్టి 1883లో క్షామ నియమావళి ఏర్పడి రాష్ట్రములకు అందినది. జిల్లాను వలయములుగ విభజించుట, ప్రతి వలయమునకు ఒక అధికారి, అందరిపై కలెక్టరు. గ్రామములలో సహాయార్హుల పట్టిక. వైద్యశాఖ, ఇంజనీరుశాఖ, పోలీసుశాఖ ఒకే ఆజ్ఞకు లోబడుట. చెదరిన చేతులను ఒక శరీరమునకు అతుకు ప్రయత్నమిది.

ఆ నియమావళిలో స్త్రీలకు సంబంధించిన నియమములను చదువునపుడు నాకు ఒక ఆలోచన కలుగును. చరిత్రకారునకు నియమము కూడ ఒక సాక్ష్యమే. జరుగని తప్పును నిషేధించుటకు ఏ ప్రభుత్వమును కాగితము ఖర్చు చేయదు. శిబిరములలో స్త్రీలకు, పురుషులకు వేరు వేరు పాకలుండవలె నని వ్రాసిరన్నచో, వేరు పాకలు లేనినాడు ఏమి జరిగినదో ఊహింపవచ్చును. రోగులను, పసిపిల్లలను విడిచి పనికి రాలేని స్త్రీలకు ఇంటివద్దనే ధర్మసహాయ మీయవలెనని వ్రాసిరన్నచో, అట్టి స్త్రీలు వెనుక పస్తులుండిరని అర్థము. గోషా స్త్రీలను గూర్చియు అట్లే. ధాత కరువున బాధపడిన స్త్రీ తన నోట తన కథను వ్రాయలేదు; ఆమెకు చదువు లేదు, అడిగినవారును లేరు. ఆమె వాఙ్మూలము ఈ పొడి నియమముల నడుమ దాగియున్నది.

ఇంతమాత్రమున నియమావళిని ఆకాశమున కెత్తవలసిన పనిలేదు. అధికారమంతయు ఒక్క చేతిలో చేరుట సమన్వయమునకు సులభము, ఫిర్యాదునకు కష్టము. కలెక్టరే మేజిస్ట్రేటు. తహశీల్దారే పట్టికల యజమాని. గ్రామమున సహాయార్హుల పేర్లు వ్రాయు మునసబే పోలీసు పనియు చూచువాడు. పట్టిక వ్రాయువాడే తప్పు చేసినచో ఆ స్త్రీ ఎవరితో చెప్పుకొనును? కలిసి పనిచేయుట వేరు, ఒకరి నొకరు కప్పిపుచ్చుకొనుట వేరు. సహాయము చేయువారు ఒక్కటి కావలెను గాని, వారిపై ఫిర్యాదు వినువారు వారిలోని వారు కారాదు. 1883 నాటి నియమావళి ఈ తేడాను గుర్తించినట్లు తోచదు.

శతాబ్దము మారినది. 1943లో వంగదేశపు కరువు వచ్చినపుడు విడువబడిన స్త్రీలు కలకత్తా వీథులలో పడిన పాట్లు, వేశ్యాగృహములకు చేరినవారి కథలు దేశమంతట వినవచ్చినవి. 1947లో దేశవిభజన సమయమున అపహరింపబడిన స్త్రీలను వెదకి తెచ్చుటకు భారత, పాకిస్తాను ప్రభుత్వములు ఒప్పందము చేసికొనినవి. 1949లో మన రాజ్యాంగ సభ శాసనము చేసినది. మృదులా సారాభాయి ఆ పనికి నడుము కట్టెను. పోలీసులు, సంఘసేవికలు, శిబిరములు, రెండు ప్రభుత్వముల కార్యాలయములు కలిసి పనిచేసిన సందర్భమిది. ఐనను రావలెనా వద్దా యని ఆ స్త్రీలను అడుగవలెనన్న నియమము ఆ శాసనమున లేదు. కొందరు తాము చేరిన యిల్లు విడిచిరామని ఏడ్చినను బలవంతముగ తెచ్చిరి. అన్ని శాఖలు కలిసినను స్త్రీ మాట వినకున్నచో అది మరియొక బలాత్కార మగునని ఈ ఉదంతము చెప్పుచున్నది.

మన సీమకు మరలుదము. 1952లో రాయలసీమకు మరల క్షామము వచ్చినది. రాజగోపాలాచారిగారు మదరాసు ముఖ్యమంత్రి. సైనికులు వచ్చి బావులు లోతు చేసిరి. పల్లెపల్లెన గంజికేంద్రములు తెరచిరి. ఆ గంజికేంద్రముల మాట పెద్దల నోట చాలకాలము వినబడుచుండెను. ధాత కరువునకును దీనికిని ఒక గొప్ప భేదమున్నది. గంజి ఊరికి వచ్చినది. ఊరు గంజికడకు పోలేదు. వెంగళరెడ్డి పందిరి యొక్క గుణము ప్రభుత్వపు ఏర్పాటులోనికి చేరినది. ఎన్నుకొన్న ప్రతినిధులుండుటచే, పత్రికలు కన్ను వేసియుండుటచే అధికారి తప్పునకు అడ్డము కలిగినది. మరుసటి సంవత్సరము, అనగా 1953లో, దుర్గాబాయిగారి అధ్యక్షతన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినది. పల్లెలకు గ్రామసేవికలు, మంత్రసానులు వచ్చిరి. స్త్రీ తన కష్టమును చెప్పుకొనుటకు ప్రభుత్వపు మనిషిగ మరియొక స్త్రీ గ్రామమునకు వచ్చుట ఈ సీమ చరిత్రలో చిన్న సంగతి కాదు.

ప్రపంచము ఈ పాఠమును మరల మొదటినుండి నేర్చుకొనవలసివచ్చెను. కెన్యా దేశమున దదాబు శిబిరములలో సోమాలీ శరణార్థి స్త్రీలకు అన్నము, నీరు, గుడారము అందినవి. వంటచెరకు మాత్రము అందలేదు. కట్టెలకై పొదలలోనికి దూరము పోయిన స్త్రీలపై దుండగులు పడిరి. బియ్యమిచ్చిన సంస్థ బియ్యము ఇచ్చినది గాని, ఆ బియ్యము ఉడుకుట ఎట్లని ఎవరును ఆలోచింపలేదు. పిమ్మట 1990 దశాబ్దము చివర కట్టెలుకూడ పంచసాగిరి. ఇది మన ధాత కరువునాటి చీర కథయే. 2005లో ఐక్యరాజ్యసమితి సంస్థలు, ఇతర సంస్థలు కలిసిన అంతస్సంస్థా సంఘము ఆపత్కాలములలో స్త్రీలపై జరుగు హింసను ఎదుర్కొనుటకు మార్గదర్శక నియమములను ప్రకటించినది. 2015లో వానిని సవరించినది. నీటి శాఖ మరుగుదొడ్లకు దారి, వెలుతురు, లోపలి గడియ చూడవలెను. ఆహార శాఖ పంచు వేళను, స్థలమును చూడవలెను. వైద్యులు మూడు దినములలోపల చికిత్స యీయవలెను. ఎవరికి చెప్పుకొన్నను ఆ స్త్రీ పేరు బయటపడక తక్కిన సహాయమంతయు ఆమెకు చేరవలెను. ఆ నియమముల సారము ఇది. మూడు దినముల గడువు మాట విన్నపుడు వాగులు పొంగి దారులు తెగిన పల్లె గుర్తునకు రావలెను. అట్టి పల్లెనుండి ఆసుపత్రికి పడవ ముందుగ నెవరికి దొరకునన్నది ప్రాణముతో కూడిన ప్రశ్న.

ఈ సీమకు కరువే కాక వరదయు శత్రువే. 2009 అక్టోబరు ఆరంభమున వచ్చిన వరదలు కర్నూలు పట్టణమును ముంచివేసినవి. జిల్లాలో వేలాది కుటుంబములు పాఠశాలలలో, కల్యాణమండపములలో తలదాచుకొనినవి. అంతకు నాలుగేండ్ల ముందే, 2005లో, విపత్తు నిర్వహణ శాసనము, గృహహింసనుండి స్త్రీలకు రక్షణ కల్పించు శాసనము రెండును వచ్చియుండెను. మొదటి శాసనపు 12వ సెక్షను సహాయమునకు కనీస ప్రమాణములను నిర్ణయింపుమని, విధవలకు, అనాథలకు ప్రత్యేకపు ఏర్పాటు చేయుమని చెప్పుచున్నది. రెండవ శాసనము ప్రకారము రక్షణాధికారి యుండవలెను. ఒకటి రెవెన్యూశాఖ చేతిలోనిది. రెండవది స్త్రీ శిశు సంక్షేమశాఖ చేతిలోనిది. ఈ రెండు శాసనములు ఒక దాని పేరు మరియొకటి ఎత్తవు. వరదశిబిరమున త్రాగివచ్చిన భర్త భార్యను కొట్టినచో అది విపత్తు నిర్వహణమా, గృహహింసయా యని కార్యాలయములు విచారించుకొనులోపల తెల్లవారును.

2022 ఏప్రిలు 4న నంద్యాల జిల్లా ఏర్పడినది. ఒకప్పుడు ఎనిమిది తాలూకాల కర్నూలునుండి నడచిన పాలన ఇప్పుడు ఆళ్లగడ్డకు, ఉయ్యాలవాడకు మరింత చేరువయైనది. అంతకు ముందే 2019లో గ్రామ సచివాలయములు వచ్చినపుడు ప్రతి సచివాలయమునకు ఒక మహిళా సంరక్షణ కార్యదర్శిని నియమించిరి. అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త, పొదుపు సంఘముల స్త్రీలు ఇదివరకే ఊరూర కలరు. ధాత కరువునాడు ఒక్కరును లేరు. ఇప్పుడు తలుపు తట్టగల మనుష్యులు కలరు. ఇక కుందేరు పొంగిన రాత్రి మండల కార్యాలయమున బియ్యపు బస్తాలను, పడవలను, మందులను గూర్చి సమావేశము జరుగునపుడు ఆ కార్యదర్శికి కబురు పోవునా, పోయినచో ఆమె మాట ఏ కాగితముపై వ్రాయుదురు, శిబిరములో దీపము ఎక్కడ కట్టవలెనో ఎవరిని అడిగి కట్టుదురు అన్నవి ఆ సీమవారు తమ అధికారులను వరదకు ముందే అడిగి తెలిసికొనదగిన ప్రశ్నలు.